వెండితెరపై విమాన ప్రమాదము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావించిన ఉపన్యాస పాఠము)



సత్తుపల్లి ప్రాంతమున విమానాశ్రయము లేదు. ఒకవైపు ఖమ్మము బాట, మరొకవైపు అశ్వారావుపేట మీదుగా గోదావరి జిల్లాల బాట; నడుమ అడవి, పొలములు, బొగ్గుగనులు. ఇచ్చటి పెక్కుమందికి విమానము ఆకసమున వినవచ్చు ధ్వని, లేదా వెండితెరపై కానవచ్చు దృశ్యము. ఎన్నడును ఎక్కి యెరుగని వాహనమును గూర్చి తెర యేమి చూపినను అదియే సత్యమని నమ్ముట సహజము. అందుచేతనే యథార్థ సంఘటనల నాధారము చేసికొని తీసిన చిత్రములను ఎట్లు చూడవలెనను ప్రశ్న గ్రంథాలయ సభకు తగిన ప్రశ్న యగుచున్నది.

మొదట ఒక ప్రసిద్ధ చిత్రమును పరిశీలింతము. 2009 జనవరి 15వ తేదీన అమెరికాలోని న్యూయార్కు నగరమునుండి ఒక విమానము బయలుదేరెను. అందు 150 మంది ప్రయాణికులును, ఐదుగురు సిబ్బందియు కలరు. ఎగిరిన కొద్ది నిమిషములలోనే అడవిబాతుల గుంపు తగిలి రెండు యంత్రములును శక్తి కోల్పోయినవి. పక్షులు తగిలినది మొదలు నీటిని తాకువరకు గడచిన కాలము 208 సెకనులు మాత్రమే. సారథి సల్లెన్‌బర్గరు, సహసారథి స్కైల్స్ విమానమును హడ్సన్ నదిపై దింపిరి. 155 మందియు బ్రతికిరి. 2016లో క్లింట్ ఈస్ట్‌వుడ్ దర్శకత్వమున 'సల్లీ' యను చిత్రము వెలువడినది. టామ్ హాంక్స్ సారథి పాత్రను ధరించెను.

చిత్రము ఉత్కంఠభరితము, నటన శ్లాఘనీయము. అయినను కథకు ప్రతినాయకుడు కావలెను. పక్షులు ప్రతినాయకులు కాజాలవు. కనుక విచారణాధికారులే ఆ స్థానమునకు వచ్చిరి. సారథి తప్పు చేసెనని నిరూపింప నుబలాటపడువారుగా తెరపై వారు కనిపింతురు. వాస్తవమున జరిగినది వేరు. వెంటనే వెనుకకు మరలినచో విమానాశ్రయము చేరుట సాధ్యమా యని విచారణలో కృత్రిమ యంత్రముపై పరీక్షించిరి. అయితే కీడు నెరిగి నిర్ణయము గైకొనుటకు మానవునకు కొంత వ్యవధి పట్టును గదా! ఆ వ్యవధిని 35 సెకనులుగా లెక్కించి పరీక్షింపగా విమానము ఆశ్రయము చేరలేకపోయినది. నదిపై దింపుటయే యుచితమని 2010లో వెలువడిన నివేదిక తేల్చినది. తెరపై నాయకుడు వాదించి గెలిచినట్లు చూపిన న్యాయమును విచారణ సంఘమే స్వయముగా పాటించినది.

ఆ నివేదికలో మరియొక విషయము కలదు. విమానము బయలుదేరుటకు ముందు సిబ్బంది చెప్పిన రక్షణ సూచనలను ప్రయాణికులలో ఎక్కువమంది ఆలకింపలేదట. నీటిలో తేల్చు జాకెట్లను ధరించి వెలుపలికి వచ్చినవారు కొలదిమందియే. సమీపముననే పడవలు ఉండుటచే ప్రాణములు దక్కినవి. ఇది సాహసగాథకు ఒప్పని సంగతి. కాని ప్రయాణము చేయువానికి మిక్కిలి అవసరమైన సంగతి. 2019 సెప్టెంబరు 15వ తేదీన గోదావరిలో కచ్చులూరు వద్ద పర్యాటకుల బోటు మునిగి పలువురు మరణించిరి. ఆ నది మనకు దూరమైనది కాదు. పాపికొండల యాత్రకు పోవు ప్రతివాడును జాకెట్టు అలంకారము కాదని తెలిసికొనవలసి యున్నది. హడ్సన్ నది కథ సత్తుపల్లి వానికి అక్కరకు వచ్చునది ఇచ్చటనే.

ఇక తెలుగునేలపై జరిగిన సంఘటనను తలంతము. 1993 నవంబరు 15వ తేదీన మద్రాసునుండి హైదరాబాదునకు వచ్చిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానమున 262 మంది కలరు. వారిలో చిరంజీవి మొదలైన తెలుగు చిత్రరంగ ప్రముఖులు పలువురుండిరి. అప్పటి విమానాశ్రయమైన బేగంపేటలో వెలుతురు చాలక, మార్గము స్పష్టముగా కానరాక విమానము దిగలేకపోయినది. మరల పైకి లేచునప్పుడు, రెక్కల వెనుక దిగువకు వంగియున్న ఫ్లాపులు లోనికి ముడుచుకొనలేదు. ఈ పలకలు దిగునపుడు విమానమును తక్కువ వేగమున నిలుపుటకు తోడ్పడును. దూరప్రయాణమున అవియే గాలికి అడ్డుపడి ఇంధనమును హరించును. మద్రాసునకు మరలబోయిన విమానమునకు ఇంధనము చాలలేదు. తిరుపతి విమానాశ్రయమును చేరకమునుపే వరిపొలమున దిగవలసి వచ్చెను. విమానము మరల పనికిరాకుండ పాడయ్యెను గాని ఒక్క ప్రాణమైనను పోలేదు.

ఈ కథను తెరకెక్కింప బూనిన దర్శకుడు దేనిని చూపవలెను? ప్రఖ్యాత నటుల ముఖములపై భయమునా? లేక ముడుచుకొనని పలకను, క్షణక్షణమునకు తగ్గుచున్న ఇంధనపు లెక్కను, ఆ లెక్కలో జరిగిన పొరపాటునా? మొదటిది చూపిన జనము మూగుదురు. రెండవది చూపిన జనము నేర్తురు. రెంటిని కలుపగలవాడే ఉత్తమ దర్శకుడు.

ఇంధనపు లెక్క ఎంతటిదో 1983 జులై 23వ తేదీన కెనడాలో జరిగిన మరొక ఘటన చాటుచున్నది. 22,300 కిలోగ్రాముల ఇంధనము కావలసిన విమానములో కొలమానపు తికమకచే 22,300 పౌనులు మాత్రమే యుండెను. అనగా సగముకంటె తక్కువ. నడిమింట యంత్రములాగగా సారథులు విమానమును గాలిపటమువలె తేల్చుకొనివచ్చి గిమ్లీలోని పాత సైనిక విమానస్థలమున దింపిరి. దీనిపైనను 1995లో చిత్రము వచ్చినది. తూకపురాళ్లు తారుమారైన ధాన్యము నష్టపడును. ఇచ్చట 69 ప్రాణములు తూగినవి.

అన్ని ఆపదలును యంత్రములవి కావు. 1986 సెప్టెంబరు 5వ తేదీన కరాచీలో దుండగులు ఆక్రమించిన పాన్ ఆమ్ విమానమున, ఇరువదిమూడేండ్లు నిండుటకు రెండు దినములు తక్కువైన నీరజా భానోత్ ప్రయాణికులను కాపాడుచు ప్రాణమర్పించెను. ఆమెకు అశోకచక్ర లభించినది. 2016లో వచ్చిన 'నీరజ' చిత్రము చూచి కంటతడి పెట్టనివారు అరుదు. ఆ కన్నీరు పవిత్రమైనదే. అయినను ఒక్కరి త్యాగము తెరను నింపినపుడు, ఆనాడు ఆమె ప్రక్కన నిలిచి కర్తవ్యము నిర్వర్తించిన తక్కిన సిబ్బంది మరుగునపడుదురు. వారిని గూర్చి తెలిసికొనుట ప్రేక్షకుని విధి.

కావున చిత్రములను విడువవలెనని ఎవ్వరును చెప్పరు. హృదయమును కదలించుటలో చిత్రమునకు సాటి లేదు. నివేదిక చదివి కన్నీరు పెట్టువారుండరు. కాని కదలిన హృదయము ప్రశ్నింపవలెను. ఇది యెప్పుడు జరిగెను? ఎందరుండిరి? కారణమేమి? తెరపై చేర్చిన దేది, విడిచిన దేది? ఈ ప్రశ్నలతో ఇల్లు వెడలిన యువకుడు నడచిరావలసిన చోటు గ్రంథాలయము. అచ్చట అట్లసు, యంత్రశాస్త్ర గ్రంథము, వార్తాపత్రికల సంపుటములు అతనికై ఎదురుచూడవలెను.

ఇరువదియైదేండ్లు ఈ ప్రాంతపు ప్రజలకు అక్షరభిక్ష పెట్టిన గ్రంథాలయము, చిత్రము చూచి వచ్చినవాని సందేహమునకు సమాధానమిచ్చు నిలయముగా మరింత వర్ధిల్లుగాక! ఆకసమున పోవు విమానపు ధ్వని విని తలయెత్తు పల్లెబాలుడు, అది యెట్లెగురుచున్నదో తెలిసికొనుటకు ఈ గడపను త్రొక్కుగాక!