షాపులో మొక్కల అక్వేరియం: పెట్టడం ఒకరోజు, చూసుకోవడం ఏడాదంతా

(సికింద్రాబాద్‌లో జరిగిన సమాఖ్య వార్షిక మహాసభలో చేసిన ప్రసంగ పాఠం)



పచ్చళ్లు, టైలరింగ్, క్యాంటీన్, సంచుల తయారీ గురించి ఈ వేదిక మీద చాలాసార్లు విన్నాం. ఈసారి మా పని గురించి చెప్పమన్నారు. మేము షాపుల్లో మొక్కల అక్వేరియంలు పెడతాం, వారం వారం వెళ్లి చూసుకుంటాం. బట్టల షాపు, బ్యూటీ పార్లర్, పళ్ల డాక్టరు క్లినిక్, టిఫిన్ సెంటర్... గిరాకీ కాసేపు కూర్చుని ఎదురుచూసే చోటల్లా ఈ తొట్టి పనికొస్తుంది. పిల్లలు ఏడవరు, పెద్దలు విసుక్కోరు.

అందరూ అడిగే మొదటి మాట, "ఇందులో మిగిలేదేముంది?" అని. తొట్టి అమ్మితే మిగిలేది ఒక్కసారే, అదీ కొంచెమే. నెల నెలా చేతికి వచ్చేది చూసుకునే పనిలోనే ఉంది. కానీ షాపు వాళ్లు అద్దానికి, లైటుకు, చేపలకు బేరమాడైనా పైసలిస్తారు. చూసుకోవడానికి అడిగితే "అదేం పనమ్మా, రెండు బకెట్ల నీళ్లే కదా" అంటారు. ఇంట్లో మన చాకిరీని ఎట్ల లెక్క కట్టరో, ఇక్కడా అట్లనే. అందుకే మేము చెప్పదలచుకున్నది ఒక్కటే. ఆ రెండు బకెట్ల వెనక ఉన్న విద్యను మంచిగా నేర్చుకుందాం, దానికి ధర కడదాం, కాగితం మీద రాయించుకుందాం.

ఈ విద్య మొదలుపెట్టిన వాళ్లలో ఒక కుట్టుపని ఆమె ఉందని మన టైలరింగ్ అక్కలు తెలుసుకోవాలి. పేరు జాన్ విల్‌ప్రో పవర్. 1794లో ఫ్రాన్స్‌లో ఒక పల్లెలో చెప్పులు కుట్టే ఆయనకు పుట్టింది. పారిస్ వెళ్లి బట్టలు కుట్టడం నేర్చుకుంది. 1816లో ఒక రాకుమారి పెళ్లిబట్టల మీద పనిచేసి పేరు తెచ్చుకుంది. పెళ్లయ్యాక ఇటలీలోని సిసిలీ దీవికి వెళ్లింది. అక్కడ ఆక్టోపస్ జాతికి చెందిన ఆర్గోనాట్ అనే సముద్రజీవిని బతికుండగానే గమనించడానికి 1832లో అద్దాల తొట్టి చేయించింది. ఆ జీవి గవ్వను వేరే జీవి దగ్గర తీసుకుంటుందని అప్పట్లో చాలామంది అనుకునేవాళ్లు. తనే తయారు చేసుకుంటుందని ఈమె రోజూ చూసి, రాసి, నిరూపించింది. తర్వాత 1850లో లండన్‌లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రవేత్త చేపలు, నీటి మొక్కలు, నత్తలు ఒకే తొట్టిలో ఒకదానికొకటి సాయపడుతూ బతుకుతాయని చూపించాడు. మనం చేసేది ఆ పద్ధతే. ఇద్దరూ రోజూ ఓపికగా చూసినవాళ్లే.

ఇక పని సంగతి.

ముందు చోటు, బరువు. ఒక ఘనపు అడుగులో 28 లీటర్ల పైచిలుకు నీళ్లు పడతాయి. మూడడుగుల పొడవు, అడుగుంపావు వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉన్న తొట్టిలో ఇసుక, పైన ఖాళీ పోగా సుమారు 125 లీటర్లు ఉంటాయి. అద్దం, ఇసుక, రాళ్లు కలిపితే దాదాపు నాలుగు బియ్యం బస్తాల బరువు. షోకేసు అరల మీద, ప్లైవుడ్ కౌంటర్ మీద పెట్టమని ఎవరన్నా ఒప్పుకోవద్దు. గట్టి ఇనుప స్టాండు, కింద థర్మకోల్ షీటు వేయాలి. ఎత్తుపల్లాలు లేకుండా చూడాలి. ఎండ నేరుగా పడే గాజు తలుపు పక్కన పెడితే పాచి పట్టి నీళ్లు ఆకుపచ్చగా అవుతాయి.

తర్వాత నీళ్లు. మన దగ్గర రెండు రకాలు, నల్లా నీళ్లు, బోరు నీళ్లు. నల్లా నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. అది మనకు మేలు, చేపల మొప్పలకు చేటు. మూత తీసిన డ్రమ్ములో ఒక రోజు ఉంచాలి, లేదా క్లోరిన్ పోగొట్టే చుక్కలు వేయాలి. నల్లా రోజు విడిచి రోజు వచ్చే బస్తీల్లో మనకు డ్రమ్ములు నింపడం అలవాటే. బోరు నీళ్లకు మన నగరంలో ఉప్పదనం, గట్టిదనం ఎక్కువ. సబ్బు నురగ రాకపోయినా, స్టీలు గిన్నెల మీద తెల్లటి చారలు మిగిలినా అవి గట్టి నీళ్లని గుర్తు. అట్లాంటి నీళ్లలో గప్పీ, మోలీ, ప్లాటీ హాయిగా ఉంటాయి. నియాన్ టెట్రా లాంటివి తట్టుకోలేవు. షాపు వాళ్లకు నచ్చిన చేప కోసం నీళ్లు మార్చడం కష్టం. నీళ్లకు తగిన చేపను తెచ్చుకోవడమే సులువు.

అడుగున ఎరువు కలపని ఎర్రమట్టిని జల్లించి అంగుళం మందాన పరవాలి. దాని మీద బాగా కడిగిన ఇసుక అంగుళంన్నర వేయాలి. ఇసుక మీద నాలుగు చుక్కల నిమ్మరసం వేసి చూడండి. బుసబుస పొంగితే అందులో సున్నం ఉన్నట్టు, వాడొద్దు. పేడ ఎరువు, యూరియా అసలు కలపకూడదు.

మొక్కల్లో రిబ్బను లాంటి ఆకులుండే వాలిస్నేరియా గట్టి నీళ్లలో కూడా బాగా పెరుగుతుంది. మన చెరువుల్లో ఉండే హైడ్రిల్లా కూడా తొందరగా పెరుగుతుంది. అనూబియాస్, జావా ఫెర్న్ వెలుగు తక్కువైనా బతుకుతాయి. కానీ వాటి అడ్డకాండాన్ని ఇసుకలో పూడ్చితే కుళ్లిపోతుంది. రాయికో, కర్రముక్కకో దారంతో కట్టాలి. వాలిస్నేరియా తీగలు సాగి పిల్ల మొక్కలు పెడుతుంది. ఒక తొట్టిలో కత్తిరించినవి ఇంకో తొట్టికి పనికొస్తాయి.

ఇక్కడే అసలు పరీక్ష. షాపు యజమాని రిబ్బన్ కట్ చేసే రోజే చేపలు కావాలంటాడు. ఆ రోజు వేయకూడదు. ఎందుకో మనకు తెలియాలి, ఆయనకు చెప్పగలగాలి.

చేపల మలం, మిగిలిన మేత కుళ్లి అమ్మోనియా పుడుతుంది. అది విషం. ఒక రకం సూక్ష్మజీవులు దాన్ని నైట్రైట్‌గా మారుస్తాయి. అదీ విషమే. ఇంకో రకం సూక్ష్మజీవులు దాన్ని నైట్రేట్‌గా మారుస్తాయి. దాంతో హాని చాలా తక్కువ, మొక్కలు దాన్ని మేతగా తీసుకుంటాయి. ఈ సూక్ష్మజీవులు ఫిల్టరు స్పాంజిలో, ఇసుకలో గూడు కట్టుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. కొత్త మట్టి కూడా మొదట్లో అమ్మోనియా వదులుతుంది. మొదటి రోజే ఇరవై చేపలు వేస్తే అవి వాటి మురికిలోనే చచ్చిపోతాయి. అప్పుడు "ఆ అక్కలకు పని రాదు" అన్న మాట గల్లీ అంతా పాకుతుంది.

దీన్ని యజమానులకు మేము పెరుగు లెక్కన చెప్తాం. పాలు పోసిన వెంటనే పెరుగు కాదు, తోడు వేసి ఆగాలి. బాగా నడుస్తున్న తొట్టి నుంచి స్పాంజి ముక్క తెచ్చి కొత్త ఫిల్టరులో పెడితే అదే తోడు. రోజులు తగ్గుతాయి. అయినా అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా అని టెస్ట్ కిట్‌లో కనిపించేదాకా చేపలు వద్దు. ఆ తర్వాత కూడా నాలుగైదు చేపలతో మొదలుపెట్టి, రెండు వారాలకోసారి పెంచాలి. ఈలోగా తొట్టి ఖాళీగా ఉన్నట్టు కాదు. మొక్కలు, రాళ్లు, లైటుతో చూడచక్కగానే ఉంటుంది. షాపు తెరిచే రోజుకు చేపలతో కావాలంటే రెండు నెలల ముందే మనకు చెప్పమనాలి.

కొందరు అదృష్టానికని ఫ్లవర్‌హార్న్ అడుగుతారు, ఇంకొందరు గోల్డ్‌ఫిష్ అడుగుతారు. వాళ్ల నమ్మకాన్ని కాదనొద్దు. ఫ్లవర్‌హార్న్ ఇసుక తవ్వి మొక్కలు పీకుతుందని, గోల్డ్‌ఫిష్ లేత ఆకులు తినేస్తుందని, వాటికి వేరే తొట్టి కావాలని చెప్తే చాలు.

వారం వారం చేసే పని ఇది. ముందు ప్లగ్ తీసేయాలి. చేయి తర్వాతే నీళ్లలో పెట్టాలి. అద్దం లోపలి పాచి తుడవాలి. పసుపెక్కిన ఆకులు కత్తిరించాలి. పైపుతో నాలుగో వంతు నీళ్లు తీయాలి. మేము చెప్పిన సైజు తొట్టికి పదిహేను లీటర్ల బకెట్లు రెండు. అన్నే కొత్త నీళ్లు, క్లోరిన్ పోయినవి, మెల్లగా పోయాలి. తొట్టి మొత్తం ఖాళీ చేసి సబ్బుతో కడగడం శుభ్రత కాదు, గూడు కట్టిన సూక్ష్మజీవుల్ని చంపడం. స్పాంజిని కూడా నల్లా కింద కడగొద్దు. తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే పిండాలి.

ఎండాకాలంలో నీళ్లు తగ్గితే పైన పోసి "నీళ్లు మార్చాం" అనుకోకూడదు. చారు మరిగితే నీరు పోతుంది, ఉప్పు మిగులుతుంది. తొట్టిలో కూడా అంతే. కాబట్టి పాత నీళ్లు తీయడం మానకూడదు. మే నెలలో నీళ్లు వేడెక్కితే అందులో ఆక్సిజన్ తగ్గుతుంది. మూత కొంచెం తెరిచి, నీటి మీదుగా చిన్న ఫ్యాను తిప్పితే రెండు మూడు డిగ్రీలు చల్లబడుతుంది. కరెంటు పోయినప్పుడు నడవడానికి బ్యాటరీ గాలి పంపు ఒకటి షాపులో ఉంచాలి.

షాపులో ఉన్న తొట్టికి ఇంట్లో లేని గండాలు కొన్ని ఉంటాయి. దోమల మందు, బొద్దింకల స్ప్రే చేపలకు చాలా విషం. గాలి పంపు ఆ గాలినే లోపలికి లాగుతుంది. మందు కొట్టే రోజు మనకు ముందే చెప్పాలి. పొద్దున సాంబ్రాణి, అగరుబత్తులు పంపు పక్కన పెట్టొద్దు. మేత వేసే బాధ్యత ఒక్కరిదే ఉండాలి. యజమాని ఒకసారి, షాపు పిల్లాడు ఒకసారి, గిరాకీ పిల్లలు ఒకసారి వేస్తే నీళ్లు పాడవుతాయి. రోజుకు ఒకసారి, రెండు నిమిషాల్లో తినేసేంత చాలు. సెలవు రోజు పస్తుంటే ఏం కాదు. లైటు ఎనిమిది గంటలు మించితే పాచి పెరుగుతుంది. గిరాకీ సాయంత్రం ఎక్కువ కాబట్టి టైమరు పెట్టి మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి పదిదాకా వెలిగిస్తే ఇద్దరికీ సరిపోతుంది. కరెంటు బిల్లుకు భయపడే వాళ్లకు లెక్క చూపించండి. ఇరవై వాట్ల లైటు ఎనిమిది గంటలు, పది వాట్ల ఫిల్టరు రోజంతా నడిస్తే రోజుకు 0.4 యూనిట్లు, నెలకు 12 యూనిట్లు.

ఇంకో బాధ్యత. కత్తిరించిన మొక్కలు నాలాలో పడేయొద్దు, అక్కర్లేని చేపలు చెరువులో వదలొద్దు. మన చెరువుల్ని కప్పేసిన గుర్రపుడెక్క దక్షిణ అమెరికా నుంచి అందానికని తెచ్చిన మొక్కే. అద్దం నాకుతుందని తొట్లలో వేసే సక్కర్ చేప చెరువుల్లో చేరి జాలర్ల వలలు చింపుతోంది. మొక్కల ముక్కల్ని ఎండబెట్టి ఎరువులో కలిపేద్దాం.

ఇప్పుడు ధర. బేరం మొదలుకాకముందే మన లెక్క మన దగ్గర ఉండాలి. మేత, చుక్కల మందు, టెస్ట్ కిట్ అరుగుదల, ఫోను ఖర్చు, అన్నిటికన్నా ముందు మన గంటలు. 2023 డిసెంబర్ నుంచి ఆర్టీసీ సిటీ బస్సుల్లో మనకు టికెట్ లేదు. కానీ ప్రయాణం ఉచితమైతే ప్రయాణానికి పట్టే సమయం ఉచితం కాదు, అది కూడా లెక్కలో రాయాలి. షాపులు ఒకే దారిలో ఒప్పుకోవాలి. చిలకలగూడ, వారాసిగూడ, సీతాఫల్‌మండి అంటే ఒక పూటలో నాలుగు షాపులు అవుతాయి. అదే ఒకటి బోయిన్‌పల్లిలో, ఇంకొకటి తార్నాకలో ఉంటే పూటంతా రోడ్డు మీదే గడుస్తుంది.

ఒప్పందం ఒక పేజీ చాలు. వారానికి ఎన్నిసార్లు వస్తాం, ఏం చేస్తాం, నెల సొమ్ము ఏ తేదీన ఇస్తారు, మేత ఎవరు వేస్తారు, స్ప్రే కొట్టే ముందు ఎవరు చెప్తారు, మన నిర్లక్ష్యం వల్ల చేప చస్తే ఏమిటి, వాళ్ల వల్ల చస్తే ఏమిటి. ఇవి రాసుకుని రెండు సంతకాలు. తొట్టి పక్కన ఒక కార్డు వేలాడదీసి, వెళ్లినప్పుడల్లా తేదీ, మార్చిన నీళ్లు, టెస్ట్ ఫలితం రాయండి. ఆ కార్డు చూసిన యజమాని మళ్లీ "రెండు బకెట్ల నీళ్లే కదా" అనడు. సంఘం పుస్తకాలు రాయడం వచ్చిన మనకు ఇది కష్టం కాదు.

అప్పు సంగతి కూడా చెప్పాలి. ఈ పనికి పెద్ద లోను అక్కర్లేదు. పైపు, బకెట్లు, కత్తెర, టెస్ట్ కిట్‌తో మొదలవుతుంది. తొట్టి ఖర్చు షాపు వాళ్లదే కావాలి. సంఘం లోను తీసి వాళ్లకు తొట్టి కొనిపెట్టొద్దు. వాళ్లు నెల సొమ్ము ఆపినా మన కిస్తీ ఆగదు. ఇంటి వెనక రంగుచేపలు పెంచాలనుకునే వాళ్ల సంగతి వేరు. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో పెరటి యూనిట్ ఖర్చు 3 లక్షలుగా, మహిళలకు సాయం అందులో 60 శాతం దాకా పెట్టారు. ఇప్పుడు దరఖాస్తులు తీసుకుంటున్నారా అన్నది జిల్లా మత్స్యశాఖ ఆఫీసులో అడిగి తెలుసుకున్నాకే అడుగు వేయండి.

సమాఖ్యను మేము కోరేవి మూడు. కొత్తగా వచ్చే సభ్యులకు నడుస్తున్న తొట్ల దగ్గరే నేర్పించే ఏర్పాటు చేయాలి. టెస్ట్ కిట్లు సమాఖ్య తరఫున కొని అందరూ వాడుకునేలా ఉంచాలి. అందరికీ ఒకే ఒప్పంద పత్రం, ఒకే కనీస ధర ఉండాలి. మూడోది ముఖ్యం. ఒక సంఘం అడిగిన ధరను పక్క సంఘం తగ్గించి అడిగితే షాపు వాళ్లకే లాభం, మనిద్దరికీ నష్టం. ఈ మూడూ ఈ సభలోనే తీర్మానంగా రాయాలని మా మనవి.

నేర్చుకోవాలనుకునే అక్కలు, చెల్లెళ్లు సభ అయ్యాక మమ్మల్ని కలవండి. వచ్చే వారం మేము నీళ్లు మార్చడానికి వెళ్లేటప్పుడు మాతో రండి, మీ చేత్తోనే చేయించి చూపిస్తాం.