రక్తం లెక్క బోర్డు మీద రాసిన రోజు

(మండల మహిళా సమాఖ్య వార్షిక మహాసభలో ఆరోగ్య ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగం)



ఏటా ఈ సభలో మేము లెక్కలు చదువుతాం. ఎన్ని శిబిరాలు పెట్టాం, ఎంతమందికి పరీక్షలు చేయించాం, ఎన్ని పెరటి తోటలు వేయించాం. ఆ పట్టికలన్నీ ఈ పుస్తకం వెనక ఉన్నాయి, ఇంటికి పోయాక చూసుకోండి. ఇయ్యాల మేం చెప్పదలిచింది ఆ లెక్కలు ఎట్లా తీసుకున్నాం అనే సంగతి. అందులో మా తప్పొకటి ఉంది. ముందు అదే చెప్తాం.

పోయినేడు ఐరన్ బిళ్లల కార్యక్రమం పనిచేస్తున్నదా లేదా చూద్దామని మనమే ఒక సర్వే పెట్టుకున్నాం. బయటివాళ్లు ఎవరూ చెప్పలేదు. ఏఎన్ఎం గారిని బతిమాలి, సంఘం సమావేశాల్లోనే వేలు గుచ్చి రక్తం చూశాం. బిళ్లలు వేసుకోకముందు ఎంత, మూడు నెలల తర్వాత ఎంత అని రాసుకున్నాం. పని బాగానే సాగింది. అయితే ఒక ఊర్లో అందరికీ పట్టుదల రావాలని, పొదుపు బాకీలు రాసే బోర్డు మీదనే పేరు, పక్కన రక్తం ఎన్ని గ్రాములో రాసి పెట్టాం. పన్నెండు దాటినవాళ్ల పేర్లకు టిక్కు పెట్టాం. తక్కువున్నవాళ్ల పేర్ల కింద ఎర్ర గీత గీశాం. అప్పుడు మాకది మంచి ఆలోచనే అనిపించింది. చప్పట్లు కూడా కొట్టించాం.

ఆ బోర్డు మీద ఒక సభ్యురాలి బిడ్డ పేరుంది. పెళ్లి సంబంధం ఖాయం చేసే మాటలు నడుస్తున్నాయి. అవతలివాళ్ల తరఫున వచ్చినావిడ ఏదో పని మీద గ్రామ సంఘం ఆఫీసుకొచ్చి ఆ బోర్డు చూసింది. వారం తిరక్కముందే పిల్లకు రక్తం లేదట, పిల్లలు పుడతారో లేదో అన్న మాట ఊరంతా పాకింది. సంబంధం పోయింది. ఆ తల్లి మా దగ్గరికి వచ్చి కేకలేయలేదు. "మీరడిగితే ఇచ్చినాం గదా అక్కా, బోర్డు మీద రాస్తమని ఒక్కమాట చెప్పొద్దా" అని మాత్రం అన్నది. ఆ తర్వాత రెండు నెలలు ఆమె సంఘానికి రాలేదు. పొదుపు డబ్బులు పక్కింటామెతో పంపేది.

ఆ పిల్లకున్న రక్తహీనత మన దేశంలో సగంమంది ఆడవాళ్లకు ఉన్నదే. బిళ్లలతో, తిండితో బాగవుతుంది. ఆ సంగతి మాకు తెలుసు. కానీ సంబంధం మాట్లాడుకునే ఇంట్లో ఎర్ర గీతకు ఏం అర్థం వస్తుందో ఆలోచించింది లేదు. మేము ఆమెను అడిగిన మాట "రక్తం చూడనిస్తావా" అని మాత్రమే. చూసింది ఎవరికి చెప్తాం, ఎక్కడ రాస్తాం, ఎన్నాళ్లు ఉంచుతాం అని చెప్పలేదు. ఒప్పుకోలు అంటే చెయ్యి చాపడమే అనుకున్నాం.

ఈ దెబ్బ తగిలాకే, ఇట్లాంటి పనుల్లో ఏది న్యాయం, ఏది కాదు అని తెలిసినవాళ్లను అడగడం మొదలుపెట్టాం. అడిగితే మన జిల్లా కథే మనకు ఎదురొచ్చింది. చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2009లో ఉమ్మడి ఖమ్మం జిల్లాలో, భద్రాచలం వైపు ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్లలో చదువుకునే పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేశారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా కాపాడే టీకా అది. దాదాపు 14,000 మంది పిల్లలు. పాత్ అనే అంతర్జాతీయ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, అప్పటి రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన పని. గుజరాత్‌లోని వడోదర జిల్లాలోనూ ఇదే చేశారు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. టీకా చెడ్డదని మేం అనడం లేదు. ఆ కాలంలో కొందరు పిల్లలు చనిపోయారని గొడవైంది, 2010 ఏప్రిల్‌లో కేంద్రం పని ఆపించింది. తర్వాత విచారణ కమిటీ ఆ చావులకూ టీకాకూ సంబంధం కనపడలేదని చెప్పింది. ఇయ్యాల ఎన్నో దేశాల్లో ఆడపిల్లలకు ఈ టీకా వేస్తున్నారు. మీ పిల్లలకు వేయించే అవకాశం వస్తే డాక్టరుతో మాట్లాడి వేయించండి.

మరి తప్పెక్కడ? అది ఒక అధ్యయనం. టీకాను ఇట్లా ఊళ్లలో, బడుల్లో ఇవ్వడం సాధ్యమా కాదా అని చూసి రాసుకునే పని. పిల్లలకూ తల్లిదండ్రులకూ మాత్రం మామూలు సర్కారు టీకాల లాగానే కనపడింది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఇచ్చిన నివేదికలో ఉన్న లెక్క వినండి. మన రాష్ట్రంలో 9,543 ఒప్పుకోలు పత్రాలు చూస్తే 2,763 మీద సంతకం పెట్టింది హాస్టల్ వార్డెన్లు. 1,948 మీద ఉన్నవి వేలిముద్రలు. టీకా వేశాక పిల్లకు ఏదన్నా తేడా చేస్తే పట్టుకుని రాసే ఏర్పాటు సరిగా లేదని, బీమా విషయంలో లోపాలున్నాయని కూడా ఆ సంఘం తప్పుపట్టింది.

వార్డెను గురించి చాలాసేపు మాట్లాడుకున్నాం మేము. ఆమె చెడ్డది కాకపోవచ్చు. పిల్లలకు మంచి జరుగుతుందనే సంతకం పెట్టి ఉంటుంది. తల్లిదండ్రులు ఏజెన్సీ గూడేల్లో దూరంగా ఉంటారు, పత్రాలు రేపటికల్లా కావాలని పైనుంచి ఒత్తిడి ఉంటుంది. కానీ ఆ పిల్ల ఆమె పిల్ల కాదు. అన్నం పెట్టినంత మాత్రాన ఆ పిల్ల ఒంటి మీద హక్కు రాదు. ఇది అంటున్నప్పుడు మాలో ఒకావిడ, "మరి మన వీఓ లీడరు మొత్తం సంఘం తరఫున సరే అంటే అది వేరేనా?" అన్నది. ఎవరం జవాబు చెప్పలేకపోయాం. వేరే కాదు.

పరిశోధన మండలి వాళ్లే 2017లో అచ్చేసిన నియమాల్లో, ఏడేళ్లు దాటిన పిల్లల దగ్గర నోటిమాటగానైనా సమ్మతి అడగాలని, పన్నెండు దాటితే రాసి ఇచ్చే సమ్మతి ఉండాలని, దానికి తోడు తల్లిదండ్రుల ఒప్పుకోలు వేరేగా ఉండాలని ఉంది. మధ్యలో వద్దంటే మానుకునే హక్కు ఉంది. నష్టం జరిగితే వైద్యం, పరిహారం అడగవచ్చు. ఇవన్నీ కాగితం మీద ఉన్నాయి. మన దగ్గరికి ట్యాబ్ పట్టుకొచ్చే పిల్లగాడికి తెలుసా అన్నదే ప్రశ్న. ఆ పిల్లగాడి మీద కోపం వద్దు. రోజుకిన్ని ఫారాలు నింపితేనే ఆయనకు డబ్బులిస్తారు.

ఇంకో కథ హైదరాబాద్‌ది. ఇది మన పనికి బాగా దగ్గర. 2005లో నగరంలో 104 బస్తీలు తీసుకుని, చీటీ వేసినట్టు వేసి 52 బస్తీల్లో ఒక మైక్రోఫైనాన్స్ సంస్థ ముందుగా బ్రాంచీలు తెరిచింది. మిగతా 52 తర్వాత. అప్పు దొరికిన బస్తీలకూ దొరకనివాటికీ తేడా చూశారు. తర్వాత 2019లో ఆర్థిక శాస్త్రంలో నోబెల్ అందుకున్న అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో ఆ అధ్యయనంలో ఉన్నారు. 2015లో అచ్చయిన ఫలితం ఏందంటే, అప్పుతో కొన్ని కొత్త వ్యాపారాలు పెరిగాయి, కొందరు పెద్ద సామాన్లు కొనుక్కున్నారు. ఇంట్లో ఆడవాళ్ల మాట చెల్లడంలో మాత్రం చెప్పుకోదగ్గ మార్పు కనపడలేదు.

మొదట విన్నప్పుడు మాకు కోపమొచ్చింది. అవసరమున్న మనిషికి ఆపి, చీటీలో వచ్చిన మనిషికి ఇస్తారా అని. తర్వాత మనమే ఆలోచించుకున్నాం. డబ్బు అందరికీ సరిపోనప్పుడు మనం ఏం చేస్తున్నాం? లీడరు తోడికోడలికి ముందు, మాదిగవాడలో ఉండే అక్కకు చివర. దానికంటే చీటీ నయం కాదా? ఇందులో మా ఉపసంఘం ఇంకా రెండుగానే ఉంది. మందుల విషయంలో, ప్రాణం మీదికొచ్చే విషయంలో, పనిచేస్తుందని ముందే తెలిసినదాన్ని ఆపి చూడటం తప్పని మాత్రం అందరం ఒప్పుకున్నాం. మేకల యూనిట్లకు, కుట్టు మిషన్లకు చీటీ వేస్తే ఎవరి మీదా మచ్చ ఉండదని కొందరు. చీటీ వేసే సంగతి ముందే సభలో చెప్తేనే అది న్యాయమని ఇంకొందరు.

గృహహింస మీద ప్రశ్నలడిగే సర్వేల గురించి ఒక్క మాట. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఈ ప్రశ్నలు ఒక ఇంట్లో ఒక్క ఆడమనిషినే అడుగుతారు. పక్కన ఇంకెవరూ లేకుండా ఏకాంతం దొరక్కపోతే ఆ ప్రశ్నలు అసలే అడగరు. మనం మొన్న సామాజిక చర్య కమిటీ తరఫున ఏం చేశామో గుర్తుందా? నలభైమంది కూర్చున్న సమావేశంలో "మీ ఇంట్లో కొడతరా, చేతులెత్తండి" అన్నాం. ఎవరూ ఎత్తలేదు. మా మండలంలో హింస లేదని రాసి పైకి పంపాం.

అబద్ధపు లెక్క కూడా అన్యాయమే, దాన్ని వేరేగా చెప్పుకోవాలి. పై నుంచి గ్రేడింగు చేయడానికి వచ్చినప్పుడు, ఏం అడిగితే ఏం చెప్పాలో ముందురోజు రాత్రి మనమే నేర్పిస్తాం. సమావేశాలు వారం వారం జరుగుతున్నాయని, బాకీలు లేవని. ఏ గ్రేడు వస్తుంది, లింకేజీ పెరుగుతుంది. పనిచేయని చోట పనిచేయడం లేదని పైవాళ్లకు ఎప్పటికీ తెలియదు. ఐరన్ బిళ్లలు సగంమంది మింగకుండా పారేశారని మన సర్వేలోనే బయటపడింది, కడుపులో తిప్పుతుందని. ఆ మాట రాయడానికి మా చెయ్యి ఆడలేదు. ఈసారి రాశాం, వెనక పట్టికలో ఉంది.

ఇప్పుడు మా ఉపసంఘం ఏం చేసిందంటే, బోర్డు మీద ఆరోగ్యం లెక్కలు తుడిపించాం. అన్ని గ్రామ సంఘాల్లోనూ. ఎవరి రక్తం లెక్క వాళ్లకు ఒక చిన్న చీటీ మీద రాసి చేతికిస్తున్నాం. రిజిస్టర్లో పేరు బదులు నంబరు. ఆ నంబరెవరిదో తెలిసిన కాగితం ఏఎన్ఎం గారి దగ్గర బీరువాలో ఉంటుంది. సర్వేకి ముందు ఒక పేజీ చదివి వినిపిస్తున్నాం, మన మాటల్లోనే. ఎందుకడుగుతున్నాం, ఎవరికి పోతుంది, వద్దంటే అప్పుకుగానీ పింఛనుకుగానీ ఏ ఇబ్బందీ ఉండదు అని. ఈ చివరి మాట దగ్గర చాలామంది రెండోసారి చదవమంటున్నారు. సంఘం లీడరు ఆ టైములో బయట కూర్చోవాలి. దీనికి కొందరు లీడర్లు నొచ్చుకున్నారు, మాకు తెలుసు.

ఆ తల్లి దగ్గరికి మేము ముగ్గురం పోయాం. తప్పు మాదేనని చెప్పాం. ఆమె చాయ్ పెట్టింది. సంఘానికి మళ్లీ వస్తున్నది. రెండోసారి రక్తం చూస్తామంటే తన బిడ్డది మాత్రం వద్దన్నది, మేమూ మళ్లీ అడగలేదు.

ఒక సంగతి మాత్రం ఇంకా తేలలేదు. వచ్చే నెలలో బయటి సంస్థ ఒకటి మన పొదుపు, అప్పు లెక్కలన్నీ పేర్లతో సహా ఫోటోలు తీసుకుంటామని ఉత్తరం రాసింది. ఎవరికి చూపిస్తారో, ఎన్నాళ్లు దాచుకుంటారో అందులో లేదు. పేర్లు తీసేసి ఇద్దామని కార్యవర్గంలో సగం, అట్లయితే వచ్చే ప్రాజెక్టు పోతుందని సగం. ఉత్తరం కాపీలు టీ దగ్గర పెట్టాం. చదవడం రాని అక్కలకు వీఓఏలు చదివి వినిపించండి. మధ్యాహ్నం భోజనాల తర్వాత చేతులెత్తించకుండా, చీటీల మీద ఓటు తీసుకుంటాం.