మందు తగులవలసిన చోటు



హనుమంతుడు ఓషధిని పోల్చలేక కొండనే పెకలించి లంకకు తెచ్చెను. ఆ కొండలో కావలసిన మూలికను ఎరిగి ఏరినవాడు సుషేణుడు. నేటి వైద్యశాస్త్రమునకు వచ్చిన చిక్కు ఇట్టిదే.

మన శరీరములో వేలకొలది రకముల మాంసకృత్తులు పనిచేయుచున్నవి. పెక్కు రోగములలో వీనిలో ఏ ఒకటి రెండో అదుపు తప్పును. మందు పోయి పట్టుకొనవలసిన ఆ చోటునే శాస్త్రజ్ఞులు లక్ష్యమందురు.

1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి చరిత్ర దీనికి తార్కాణము. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందము ఫోలికామ్లమును పోలియుండి, దాని పనిని అడ్డగించు అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ అను మందులను రూపొందించినది. రక్తపు కేన్సరుతో బాధపడు పిల్లలకు అమినోప్టెరిన్ వలన కొంతకాలము ఉపశమనము కలిగినదని 1948లో బోస్టను వైద్యుడు సిడ్నీ ఫార్బర్ ప్రకటించెను. ఆ యేడే సుబ్బారావుగారు కన్నుమూసిరి. ఆ మందులు శరీరములో ఏ కిణ్వమును పట్టుచున్నవో స్పష్టముగా తెలిసినది ఆ తరువాతనే. అనగా మందు ముందు వచ్చినది, లక్ష్యము పిదప తెలిసినది.

ఇప్పుడు లక్ష్యమును ముందుగా కనుగొని, దానికి తగిన మందును వెదకుటకు కృత్రిమమేధను వినియోగించుచున్నారు. అచ్చైన వైద్యవ్యాసములను పేర్చినచో మన యారాడ కొండ చిన్నబోవును. వాని నన్నిటిని చదువుటకు ఒక మనుష్యుని ఆయుష్షు చాలదు. ఒక వ్యాసములోని మాటకును, వేరొక వ్యాసములోని మాటకును గల సంబంధమును యంత్రము పట్టి చూపగలదు.

2020 ఫిబ్రవరిలో లండనులోని బెనెవొలెంట్ ఏఐ సంస్థవారు కోవిడ్ విషయమున ఇట్లే వెదకిరి. వైరస్సు జీవకణములో చొరబడుటకు ఏఏకే1 అను మాంసకృత్తు తోడ్పడవచ్చుననియు, కీళ్లవాతమునకు వాడు బారిసిటినిబ్ దానిని అడ్డగింపవచ్చుననియు లాన్సెట్ పత్రికలో తెలిపిరి. యంత్రము చూపినదని వైద్యులు ఊరక నమ్మలేదు. 1,033 మంది రోగులతో పరీక్ష జరిపిరి. రెమ్డెసివిర్ మాత్రమే పొందినవారిలో సగముమంది కోలుకొనుటకు 8 దినములు పట్టగా, బారిసిటినిబ్ కూడ పొందినవారిలో 7 దినములు పట్టినవి. 2021 మే నెలలో హైదరాబాదులోని నాట్కో సంస్థకు ఈ మందును అత్యవసర చికిత్సకై అందించుటకు మన దేశమున అనుమతి లభించినది.

అడంగలులో వరి యని వ్రాసినంతనే చేనిలో వరి పండదు. అజమాయిషీలో కంటికి కనబడవలెను. యంత్రము ఇచ్చు జాబితాయు అట్టిదే. ప్రయోగశాలలోను, రోగుల యెడలను నిలిచినప్పుడే అది మందగును.

ఇంకొక సంగతి కలదు. వ్రాసియున్నదానినే యంత్రము చదువగలదు. శ్రీకాకుళము జిల్లా ఉద్దానములో ఎందరినో మూత్రపిండముల జబ్బు పీడించుచున్నది. దానికి కారణమిది యని నేటికిని తేలలేదు. అక్కడి కూలి ఏ నీరు త్రాగెనో, ఏ యెండలో ఎంతసేపు పని చేసెనో, జబ్బు ఎప్పుడు మొదలయ్యెనో లెక్కకు ఎక్కనిచో, ఎంతటి యంత్రమునకైనను అతడు కనబడడు. పత్రికల కెక్కిన రోగమునకు లక్ష్యము దొరకవచ్చును. లెక్క కెక్కని పేదవాని రోగము చీకటిలోనే మిగులును.

కావున మల్కాపుర వాసులు, ముఖ్యముగా ఓడల కర్మాగారములోను, నూనెశుద్ధి కర్మాగారములోను శ్రమించువారు, ఆసుపత్రి చీటీలను పారవేయక తేదీల వరుసను దాచుకొనవలెను. ఆరోగ్య కార్యకర్తలు అడిగినప్పుడు ఉన్నది ఉన్నట్లు చెప్పవలెను. చదువురాని వారి చీటీలను చదివి వినిపించుటకు మన గ్రంథాలయములో వారమున కొక సాయంకాలము కేటాయింపవలెనని మనవి. ఇరువదియైదేండ్లుగా పుస్తకములను కాపాడిన ఈ సంస్థకు ఇది మోయరాని భారము కాదు.