ఇంటర్వ్యూకు పోవుటకు ముందు
(గ్రామీణ కళాశాల విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠము)



చదువు ముగియుచున్న తరుణమున ప్రతి ఇంటను వినబడు ప్రశ్న "ఉద్యోగమెప్పుడు?" అనునది. దాని వెంటనే "ఇంటర్వ్యూలో మనవారెవరైన నున్నారా?" అను మాట వచ్చును. ముందుగా ఈ రెండవ మాట సంగతి చూతము. కేంద్ర ప్రభుత్వమున గ్రూపు సి కొలువులకును, గెజిటెడ్ కాని గ్రూపు బి కొలువులకును 2016 జనవరి 1 నుండి ఇంటర్వ్యూలు తొలగింపబడినవి. తెలంగాణలో గ్రూపు-1, గ్రూపు-2 ఉద్యోగములకు వానిని తీసివేయ 2022లో నిర్ణయించిరి. సివిల్ సర్వీసులలో 2025 మార్కులకు గాను 275 మాత్రమే ముఖాముఖి పరీక్షకు చెందును. కావున మనలో పెక్కుమందికి ఇంటర్వ్యూ ఎదురగునది కర్మాగారములలోను, ప్రైవేటు కంపెనీలలోను.

అచ్చటివారు మొదట అడుగునది "మీ గురించి చెప్పండి" అని. మనవారు ఊరు పేరు, తండ్రి పేరు, క్రికెట్టు ఆట చెప్పి యూరకుందురు. ఆ సంగతులు వారి చేతిలోని దరఖాస్తులోనే యుండును! వారు వినగోరునది మీరు చేసిన పని. ఒక విద్యార్థిని తన తల్లి సభ్యురాలుగా నున్న డ్వాక్రా సంఘపు పుస్తకములు వ్రాయుచున్నదనుకొందము. సభ్యులెందరు, నెలకు పొదుపెంత, అప్పు వాయిదాకు వడ్డీ ఎట్లు కట్టినది, లెక్క కుదరని నాడు తేడా ఎచ్చట పట్టుకొన్నది - ఇవి చెప్పగలిగినచో లెక్కల కొలువునకు అంతకంటె మంచి సాక్ష్యమేమున్నది? పొలములో మోటారు స్టార్టరు కాలిపోయినపుడు కారణము వెదకిన పాలిటెక్నిక్ విద్యార్థియు అంతే. ఈ పనులు చెప్పుకొనుటకు మన పిల్లలు సిగ్గుపడుచున్నారు. అది తగని సిగ్గు. అయితే చేయనిది చేసినట్లు చెప్పరాదు. మూడవ ప్రశ్నకే బయటపడును.

ఇంగ్లీషు భయము సహజమే. చిన్న వాక్యములతో నెమ్మదిగా చెప్పవలెను. ప్రశ్న అర్థము కానిచో మరల అడుగుటలో తప్పు లేదు. తెలియనిదానికి "తెలియదండీ" అనుట ఊహించి చెప్పుటకంటె మేలు. సాయంకాలము ఒక మిత్రుని కుర్చీలో కూర్చుండబెట్టి, ఎదుట నిలిచి పదిమార్లు చెప్పి చూడుడు. మొదటి రెండు దినములు ఇరువురును నవ్వుదురు, నవ్వనిండు.

కోటు కొరకు అప్పు చేయనక్కరలేదు, ఉతికి ఇస్త్రీ చేసిన బట్టలు చాలును. పదవ తరగతి మార్కుల పత్రమునను, ఆధారునను పేరు ఒకే విధముగ నున్నదో లేదో మాత్రము ఇప్పుడే చూచుకొనుడు. ఇంటి పేరులో ఒక్క అక్షరపు తేడాకు ఎంపికైన పిల్లలును కార్యాలయముల చుట్టు తిరుగవలసి వచ్చును.

మీరును అడుగవలసినవి కలవు: కోతలు పోగా చేతికి వచ్చు జీతమెంత, రాత్రి పని యున్నదా, ఆడపిల్లలకు వసతి ఎచ్చట, భవిష్యనిధి కట్టుదురా. ఇవి అడిగినందుకు మంచి యజమాని కోపగింపడు.

ఉద్యోగమిప్పింతుమని ముందుగా సొమ్ము కోరువారికి పైసయు ఇయ్యవలదు. అసలు సర్టిఫికెట్లు చూపి, వెంటనే వెనుకకు తీసికొని, నకళ్లు మాత్రమే ఇచ్చి రండు. తండ్రి బంగారము కుదువ పెట్టుటకు బయలుదేరక పూర్వమే ఈ సంగతి ఇంటిలో చెప్పి యుంచుడు.