కచ్చేరీకి చక్రాల కుర్చీ

బందరునుండి గుడివాడకు పోవుట ఈ సీమవారికి ఒక ప్రయాణమే కాదు. మాకు మాత్రము అక్కడ ఒక సాయంకాలపు పాటకచ్చేరి వినవలెనన్నచో వారము దినములకు ముందే ప్రయత్నము మొదలు పెట్టవలసి యుండును. కొన్ని ఏండ్లుగా మేము చక్రాల కుర్చీలో తిరుగుచున్న వారము. కచ్చేరి యనగానే పాడువారెవరని అందరును అడుగుదురు. గుమ్మమునకు మెట్లెన్ని అని మేము అడుగుదుము.

ఇంటనే కూర్చుండి రేడియోలో వినవచ్చును గదా అని హితులు కొందరందురు. వినుచునే యున్నాము, 1948 లో విజయవాడ కేంద్రము వెలసిన నాటినుండి మా యింట మూడు తరములవారు వినుచున్నారు. అయినను నలుగురి నడుమ కూర్చుండి తల యూచుటలోని సుఖము వేరు.

ఆ మధ్య ఈ ప్రాంతపు పట్టణమొకదానిలో ఘంటసాల పాటల కచ్చేరి యేర్పాటయినది. 1922 లో గుడివాడ సమీపమున చౌటపల్లిలో పుట్టిన ఆ గాయకుని పాటలన్న ఇక్కడివారికి ఇంటి సొత్తువంటివి. కుర్చీ పట్టు చోటున్నదా యని ముందుగా ఫోను చేసి అడిగితిమి. "మీరు రండి సార్, మా కుర్రాళ్ళు నలుగురున్నారు, ఎత్తేస్తారు" అని సమాధానము వచ్చినది. ఆ మాటలో ఆదరము లేదని మేమనము. రెండు టిక్కెట్లు కొంటిమి.

తీరా పోయి చూడగా ఏడు మెట్లు. కుర్రవాండ్రు నలుగురు కుర్చీని ఎత్తిరి. అయిదవ మెట్టుమీద వెనుకనున్న వాని కాలు జారినది, కుర్చీ ఒరిగినది. దెబ్బ తగులలేదు గాని మా ఆవిడ ముఖము చూడలేకపోతిమి. లోపల కుర్చీలన్నియు నేలకు బిగింపబడి యున్నవి. మమ్ము వేదిక క్రింద నడవలో ఒక మూలను నిలిపిరి. ఆమెకు ఏడవ వరుసలో చోటు. జంటగా కొన్న టిక్కెట్లు! ఫోటోలు తీయువారు వచ్చి రెండుసార్లు పక్కకు జరుగుమనిరి. మరుగుదొడ్డికి పోవు దారి లేదని ఎరిగినవారము గనుక మధ్యాహ్నమునుండి మంచినీళ్ళు ముట్టలేదు. ఇంకను రెండు పాటలుండగా, తమకు పని యున్నదని ఆ కుర్రవాండ్రు వచ్చి మమ్ము దింపివేసిరి. చివరి పాట వీధిలో నిలిచి వింటిమి.

ఇందుకు కావలసినది మహాభవనము కాదు. కుర్చీ నిలుచుటకు తొంబది సెంటీమీటర్ల వెడల్పు, నూటయిరువది సెంటీమీటర్ల పొడవుగల చదునైన చోటు చాలును. దాని ప్రక్కనే తోడువచ్చినవారికి ఒక ఆసనము. మెట్లకు బదులు వాలుదారి కావలెను. ఒక అడుగు ఎత్తునకు పండ్రెండు అడుగుల పొడవు. అరయడుగు మెట్లు ఏడున్న గుమ్మమునకు నలుబదిరెండు అడుగులు కావలెనన్న మాట. స్థలము చాలకున్న నడుమ చదునుచేసి మలుపు త్రిప్పవచ్చును. ఆరడుగుల బల్లచెక్క వాల్చి ఇదిగో దారి యనువారిని చూచితిమి. దానిమీద ఎక్కుటకంటె మెట్లే నయము.

చట్టము లేకపోలేదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము సంస్కృతీ వినోదములలో సమానముగా పాల్గొను హక్కును చెప్పినది. ప్రజలు వచ్చిపోవు ప్రైవేటు భవనములు కూడ దాని పరిధిలోనివే. 2017 జూనులో నియమములు వెలువడిన పిదప పాత భవనములకిచ్చిన అయిదేండ్ల గడువు 2022 లోనే తీరినది. హైదరాబాదులోని నల్సార్ విశ్వవిద్యాలయపు విభాగమొకటి పరిశీలించి ఇచ్చిన నివేదికను చూచి, సుప్రీంకోర్టు 2024 నవంబరు 8 న, ఈ ప్రమాణములు సలహాలుగా మిగులరాదనియు, తప్పక పాటించు నియమములు చేయవలెననియు తీర్పు చెప్పినది. అమెరికాలోనైతే 2011 నుండి ఇట్టి ఆసనములను ఇతర టిక్కెట్లతోపాటే, అదే సమయమున, అదే విధముగ అమ్మవలెనని నియమము కలదు. అక్కడ ప్రత్యేకముగ బ్రతిమాలుకొను పని యుండరాదని దాని భావము.

కాలు కోల్పోయిన సుధాచంద్రన్ నాట్యము చేయగా 1985 నాటి మయూరి చిత్రములో చూచి మనవారు కరతాళధ్వనులు చేసిరి. అట్టివారు ప్రేక్షకులుగా వచ్చిన ఎచ్చట కూర్చుందురో ఆలోచించినవారు అరుదు.

పూర్వము టిక్కెట్టు లేదు, గుమ్మమును లేదు. కూచిపూడి భాగవతులు వీధిలోనే ఆడెడివారు. దివిసీమలోని మా తాతగారు పక్షవాతముతో మంచమెక్కిన తరువాత, ఊరిలో భాగవతమాడిన రాత్రి ఆయనను నులకమంచముతో సహా మోసికొనిపోయి ముందు వరుసలో దింపెడివారట. చాపలవారు కొంచెము సర్దుకొనెడివారు, అంతే. తెల్లవారువరకు చూచెడివారట. అయితే వాన పడిన మరునాడు ఆ రేగడి బురదలో మా చక్రము గజము దూరమైనను కదలదు. కావున ఆ కాలమే మేలని చెప్పజాలము.

వచ్చే నెలలో మరియొక కచ్చేరి యున్నది. నిర్వాహకుడొకరు ఈసారి కుర్చీ వెడల్పెంత అని తామే అడిగిరి. వరుస చివర రెండు ఆసనములు తీయింతుమనిరి. మెట్ల సంగతి కనుగొని ఫోను చేయుదుమనిరి. ఇంకను రాలేదు. టిక్కెట్ల సొమ్ము మాత్రము ప్రక్కన పెట్టియుంచితిమి.