విమానంలో వేప్ ఎందుకు కారుతుంది? కొండెక్కితే ఫ్లేవర్ ఎందుకు తగ్గుతుంది?

ఈ రోజు టాపిక్ వేప్. ముందే చెప్తున్నా, ఇది ప్రమోషన్ కాదు. మన దేశంలో 2019 చట్టం ప్రకారం ఈ-సిగరెట్‌ని అమ్మడమే కాదు, అడ్వర్టైజ్ చేయడం కూడా నేరమే. మనకి కావాల్సింది అందులోని ఫిజిక్స్.

డాలస్‌లో ఉండే నా ఫ్రెండ్ ఒకడు డెన్వర్ వెళ్లాడు. ఫ్లైట్ దిగి చూస్తే జేబంతా జిగురు. "ఒరేయ్, డూప్లికేట్ అంటగట్టాడేమోరా" అని నాకు ఫోన్. డూప్లికేట్ ఏం కాదు, ఇంటర్‌లో బట్టీ కొట్టిన బాయిల్ సూత్రం! విమానం క్యాబిన్‌లో గాలి ఒత్తిడి దాదాపు 8,000 అడుగుల కొండ మీద ఉన్నంత వరకు పడిపోతుంది. అంటే సముద్ర మట్టంలో ఉండేదానికి ముప్పావు వంతే. ట్యాంక్‌లో అర మిల్లీలీటర్ గాలి ఉందనుకోండి. అది 0.67 అవుతుంది. ఆ పెరిగిన గాలి లిక్విడ్‌ని బయటికి తోసేస్తుంది. తమాషా ఏంటంటే, నిండా ఉన్న ట్యాంక్ కంటే సగం ఖాళీగా ఉన్నదే ఎక్కువ కారుతుంది. సాగడానికి గాలి ఉండాలి కదా మరి!

ఇక ఫ్లేవర్. డెన్వర్ 1,600 మీటర్ల ఎత్తు, గాలి పొడి. మనం రుచి అనుకునేదాంట్లో ఎక్కువ భాగం వాసనే. జలుబు చేస్తే పప్పుచారు కూడా చప్పగా ఉంటుంది చూడండి, అలాగే ముక్కు ఎండిపోతే ఏదైనా చప్పనే. విమానంలో భోజనం మీద లుఫ్తాన్సా వాళ్లు జర్మనీలోని ఫ్రాన్‌హోఫర్ ఇన్‌స్టిట్యూట్‌తో టెస్టులు చేయిస్తే, తక్కువ ఒత్తిడిలో ఉప్పు, తీపి తక్కువగా తెలిశాయి. టమాటా జ్యూస్ మాత్రం కింద కంటే పైనే బాగుందన్నారు.

అసలు ప్రమాదం ఇక్కడుంది. ఫ్లేవర్ రావట్లేదని వాట్స్ పెంచేస్తారు. పైన గాలి పల్చన, అదే పఫ్‌కి కాయిల్‌ని చల్లబరిచే గాలి తక్కువ. కాయిల్ మరీ వేడెక్కితే లోపలి గ్లిజరిన్ విరిగిపోయి ఫార్మాల్డిహైడ్, అక్రోలీన్ లాంటివి పుడతాయి. మాడు వాసన అంటే అదే. తగ్గింది ముక్కులో, పెంచేది మిషన్‌లో!

ఇంకోటి, అమెరికా నుంచి వచ్చేవాళ్లు వినండి. వేప్ దిగుమతి కూడా ఆ చట్టం కిందకే వస్తుంది. మొదటిసారికే ఏడాది వరకు జైలు, లేదా లక్ష వరకు ఫైన్, లేదా రెండూ. "నా సొంతానికే కదా అన్నా" అంటే కస్టమ్స్ దగ్గర నడవదు.

నెక్స్ట్ ఎపిసోడ్‌లో లేహ్‌లో నీళ్లు 88 డిగ్రీలకే మరిగిపోతే పప్పు ఎలా ఉడుకుతుందో చూద్దాం. ఉంటా మరి, బై.