దారి ఎత్తు తెలియక బండి కదలరాదు
(రైల్వే, తపాలా ఉద్యోగుల భద్రతా అధ్యయన తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



నేడు నేను ప్రస్తావింపబోవు విషయము చూచుటకు చిన్నది. ఒక లారీ ఎంత ఎత్తు ఉన్నది, అది పోవు దారిలోని వంతెనలు, తీగలు ఎంత ఎత్తున ఉన్నవి అను రెండంకెల లెక్క అది. కాని ఆ రెండంకెలను ముందుగా ఒకచోట చేర్చి చూచు బాధ్యత ఎవరిది అను ప్రశ్నకు సరియైన సమాధానము దొరకనందువలననే డ్రైవర్లు, క్లీనర్లు, గేట్‌మన్లు, రైలు ప్రయాణికులు అపాయము పాలగుచున్నారు. పార్సిలు లారీని పంపువారు మనవారే. దానిని నడుపువారు మనవారే. అది ఢీకొను వంతెనపై రైలు నడుపువారును మనవారే. కావున ఇది ఇతరుల సమస్యయని మనము విడిచిపెట్టజాలము.

రైల్వే సరుకుల శాఖలో పనిచేసిన ప్రతివానికి ఓ.డి.సి. అను మాట తెలియును. నిర్ణీత కొలతలను మించిన సరుకును రైలుపై పంపవలెనన్న, మొదట దానిని కొలువవలెను. అది పోవు మార్గమంతటిలోని వంతెనలు, సొరంగములు, ప్లాట్‌ఫారములు, తీగల కొలతలతో సరిపోల్చవలెను. అధికారుల అనుమతి వ్రాతపూర్వకముగా రావలెను. ఎంత వేగముతో పోవలెనో నిర్ణయము కావలెను. అంతవరకు బండి కదలదు. ఇంజను డ్రైవరును పిలిచి, "నీవు పోవుచు చూచుకొనుము, వంతెన తగులునట్లున్న ఆపుము" అని ఎవరును చెప్పరు. కాని అదే సరుకు స్టేషను ఆవరణ దాటి లారీ ఎక్కినంతనే ఈ క్రమశిక్షణ యావత్తు మాయమగుచున్నది. రోడ్డుపై దారిని కొలుచు పని డ్రైవరు కంటికి, అది కూడ రాత్రివేళ, వానలో, తొందరలో ఉన్న కంటికి అప్పగింపబడుచున్నది. ఈ తేడాయే నేటి నా ప్రసంగమునకు మూలము.

మొదట లెవెల్ క్రాసింగులను చూతము. విద్యుదీకరించిన మార్గములలో పై తీగయందు 25,000 వోల్టుల విద్యుత్తు ఉండును. లెవెల్ క్రాసింగు వద్ద ఆ తీగ రోడ్డుకు కనీసము 5.50 మీటర్ల ఎత్తున ఉండవలెను. గేటుకు రెండు ప్రక్కల నిలిపిన హైట్ గేజ్ యొక్క అడ్డకమ్మి సాధారణముగా 4.67 మీటర్ల ఎత్తున ఉండును. ఈ రెంటి నడుమనున్న 83 సెంటీమీటర్లు వృథాగా విడిచిన జాగా కాదు. ఇంత వోల్టేజి గల తీగను తాకనక్కరలేదు. మిక్కిలి చేరువకు పోయినను విద్యుత్తు గాలిని చీల్చుకొని దూకును. అందుచేతనే విద్యుత్తు నిలిపివేయనిదే తీగకు 2 మీటర్ల లోపల ఎవరును పనిచేయరాదని మన నియమము.

ఇచ్చట ఒక సంగతి గమనింపవలెను. హైట్ గేజ్ సరుకును కొలుచును గాని, సరుకుపై కూర్చున్న మనుష్యుని కొలువదు. వరిగడ్డి లోడుపైనో, ప్రత్తి బేళ్ళపైనో కూర్చున్న కూలి, కమ్మి వచ్చినపుడు తల వంచుకొనును. కమ్మి దాటినంతనే తల ఎత్తును. అప్పటికి లారీ తీగ క్రిందికి వచ్చియుండును. కావున గేటు దాటు లారీలపై మనుష్యులు ఉండరాదు అనునది మొదటి నియమము. 2025 నాటికి బ్రాడ్‌గేజ్ మార్గములలో 98 శాతమునకు పైగా విద్యుదీకరణ పూర్తియైనది. తీగ లేని రోజులలో ఆ గేట్లు దాటి అలవాటుపడిన పాత డ్రైవర్లకు ఈ మార్పును గూర్చి ప్రత్యేకముగా చెప్పవలసి ఉన్నది.

ఇక రైలు క్రింద రోడ్డు పోవు వంతెనల సంగతి. వాహనములు పోవు క్రింది దారులకు గ్రామ ప్రాంతములలో 5 మీటర్లు, పట్టణములలో 5.50 మీటర్లు ఎత్తు ఉండవలెనని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1974లోనే ప్రమాణము నిర్ణయించినది. కాని అంతకు ఎంతో ముందు, ఎడ్లబండ్లు, గుర్రపుబండ్లు, చిన్న మోటార్లు తిరుగు కాలమున కట్టిన వంతెనలు నేటికిని నగరముల నడుమ నిలిచియున్నవి. సికిందరాబాదులోని ఆలిఫెంట్ వంతెన మనలో చాలమంది ఎరిగినదే. ఢిల్లీలో 1933లో కట్టిన మింటో వంతెన మరియొకటి. వానలు కురిసినపుడు దాని క్రింద నీరు నిలుచుట ఏటేటి కథ. 2020 జూలై 19న ఒక చిన్న సరుకు వాహనపు డ్రైవరు ఆ నీటిలో మునిగి ప్రాణము కోల్పోయినాడు. ఎత్తు తక్కువైన దారి సామాన్యముగా పల్లపు దారియును అగును. కావున వానకాలమున ఆ దారికి రెండు అపాయములు కలవు: పైన గర్డరు, క్రింద నీరు.

2019 జనవరి నాటికి బ్రాడ్‌గేజ్ మార్గములలో కాపలా లేని గేట్లన్నియు తొలగింపబడినవి. ఇది ఎన్నో ప్రాణములను కాపాడిన మంచి పని. కాని వాటిలో అనేకము స్థానమున పరిమిత ఎత్తు గల సబ్‌వేలు వచ్చినవి. వెనుక పట్టాలపైగా దాటిన గడ్డి లారీ, కోత యంత్రము, పొడుగాటి ట్రక్కు నేడు ఆ సబ్‌వేలో పట్టకపోవచ్చును. దారి పేరు మారలేదు, ఊరు మారలేదు. దారి ఎత్తు మాత్రము మారినది. పాత రూటు కాగితమును నమ్మి బండి పంపుట ఇందువలననే ప్రమాదకరము.

వంతెన ముందు బోర్డు పెట్టిన చాలదా అని కొందరు అడుగుదురు. బోర్డు ఉండవలసినదే. కాని బోర్డు ఒక్కటే ఎంతవరకు కాపాడగలదో తెలిపెడి ఉదాహరణ అమెరికాలో ఉన్నది. నార్త్ కెరొలైనా రాష్ట్రములోని డర్హమ్ పట్టణమున ఒక రైలు వంతెన ఎత్తు 11 అడుగుల 8 అంగుళములు. ముందు హెచ్చరిక బోర్డులు, వెలిగి ఆరు దీపములు, గర్డరును కాపాడుటకు ఉక్కు దూలము అన్నియు ఉండెను. ఐనను లారీలు ఢీకొనుచునే ఉండెను. 2016లో ఎత్తైన బండిని గుర్తించి ఎర్రదీపము వెలిగించు ఏర్పాటు చేసినారు. 2019లో వంతెననే 8 అంగుళములు పైకెత్తినారు. అటుపిమ్మటను ఢీకొనుట పూర్తిగా ఆగలేదు. వంతెన ముందుకు వచ్చిన డ్రైవరుకు వెనుక వాహనముల వరుస, ప్రక్కకు తిరుగ జాగా లేదు, చేతిలో వేరు దారి లేదు. హెచ్చరిక అప్పటికి ఆలస్యమైనది. నిర్ణయము బండి బయలుదేరు చోటనే జరుగవలెను.

బయలుదేరు చోట జరుగనిచో ఏమగునో చెప్పుటకు అదే దేశపు మరియొక సంఘటన చాలును. 2013 మే 23న వాషింగ్టన్ రాష్ట్రములో స్కాగిట్ నదిపై, డ్రిల్లింగు సామగ్రితో పోవుచున్న ఎత్తైన లారీ వంతెన పై కమ్మీలను తాకినది. వంతెనలో ఒక అంకణము నదిలో కూలినది. రెండు వాహనములలోని ముగ్గురు నీటిలో పడి, అదృష్టవశమున బ్రతికి బయటపడినారు. ఆ లారీకి అనుమతిపత్రము ఉన్నది. ఎత్తు కొలుచు కర్రతో ముందు ఒక కారు కూడ నడిచినది. కాని దారిలోని ఎత్తులను సరిచూచుకొను బాధ్యత అనుమతి కోరినవారిదేయని అక్కడి పద్ధతి. వంతెన ముందు ఎత్తు తెలుపు బోర్డు లేదు. పై కమ్మీలు విల్లువలె వంగియున్నందున రోడ్డు నడుమ ఎత్తు ఎక్కువ, అంచున తక్కువ. లారీ అంచు వరుసలో పోయినది. నడుమ వరుసలో పోయినచో దాటియుండెడిది. ఈ ఒక్క మాట ముందుగా కాగితముపై వ్రాసి డ్రైవరు చేతికిచ్చినవారు లేకపోయిరి.

ఇప్పుడు మనము చేయవలసినదేమి? మొదటిది కొలత. బండి పుస్తకములోని ఎత్తు కాదు, సరుకెక్కించి, టార్పాలిన్ కప్పి, త్రాళ్ళు బిగించిన తరువాతి ఎత్తు కొలువవలెను. ఉదాహరణకు ట్రెయిలరు బల్ల నేలకు 1.50 మీటర్లు ఉన్నదనుకొందము. దానిపై 2.59 మీటర్ల సాధారణ కంటెయినరు ఉంచిన మొత్తము 4.09 మీటర్లు. 2.90 మీటర్ల ఎత్తు కంటెయినరు ఉంచిన 4.40 మీటర్లు. చూపునకు రెండును ఒకటే. 4.20 మీటర్ల వంతెన క్రింద ఒకటి పోవును, మరియొకటి పోదు. ఇంకొక సంగతి: సరుకుతో దాటిన బండి ఖాళీగా తిరిగివచ్చునపుడు బరువు తగ్గి, కమానులు లేచి, కొంత ఎత్తగును. పోవునపుడు పట్టినది వచ్చునపుడు పట్టకపోవచ్చును.

రెండవది దారి కొలత. రోడ్డుపై తారు వేసినప్పుడెల్ల రోడ్డు కొంత లేచును, వంతెన లేవదు. బోర్డుపైని అంకె మాత్రము పాతదే ఉండును. పల్లములో కట్టిన వంతెన క్రింద పొడుగాటి బండి ముందు చక్రములు ఒక వాలుపై, వెనుక చక్రములు మరియొక వాలుపై ఉన్నపుడు నడుమ భాగము రోడ్డుకు మరింత ఎత్తున ఉండును. కమాను వంతెనకు నడుమ ఎత్తు వేరు, ప్రక్క ఎత్తు వేరు. వంతెనలే కాదు, వీధి తీగలు, తోరణములు, పార్సిలు ఆఫీసు షెడ్డు చూరు, పాత తపాలా కార్యాలయముల ఆవరణ ద్వారములు కూడ లెక్కలోనికి రావలెను. మెయిల్ వ్యాను ఏండ్లతరబడి పోవు దారిలో ఒకనాడు అది చెడిపోయి, బదులుగా అద్దెకు ఎత్తైన కంటెయినరు లారీ వచ్చినపుడు, షెడ్యూలు అదే, దారి అదే అని పంపుట తగదు. చేతిలోని ఫోనులో దారి చూపు పటము సామాన్యముగా కార్లకు ఉద్దేశించినది. అది బండి ఎత్తును అడుగదు.

మూడవది మారు దారి. రోజూ పోవు దారిలో డ్రైవరు వంతెనలన్నియు ఎరుగును. రోడ్డు మూసివేసి ప్రక్కదారి పట్టించిన నాడే తెలియని వంతెన ఎదురగును. కావున ప్రతి రూటు కాగితముపై అసలు దారితో పాటు ఎత్తు సరిచూచిన మారు దారి ఒకటి వ్రాసియుండవలెను. మారు దారికి పట్టు అదనపు సమయము షెడ్యూలులో చేర్చవలెను. మోటారు రవాణా కార్మికుల చట్టము 1961లో రోజునకు 8 గంటలు, వారమునకు 48 గంటలు పని పరిమితిగా నిర్ణయించినది. ముప్పది కిలోమీటర్ల చుట్టుదారి చూపి, సమయము మాత్రము పాతదే ఉంచిన, అది సురక్షితమైన దారిని చూపుట కాదు, పొట్టి వంతెనవైపు డ్రైవరును నెట్టుటయే.

ఇక బాధ్యత. మోటారు వాహనముల చట్టములో 2019 సవరణ ద్వారా చేరిన 194(1ఎ) సెక్షను, పరిమితికి మించిన ఎత్తున సరుకెక్కించిన బండికి ఇరువది వేల రూపాయల జరిమానా విధించినది. అది నడిపినవానిని మాత్రమే కాదు, నడిపించినవానిని, నడుపనిచ్చినవానిని కూడ పేర్కొన్నది. చట్టము చూచిన ఈ మూడు ముఖములలో విచారణ గదిలోనికి సామాన్యముగా వచ్చునది ఒకటే. ఉద్యోగి జీతము నుండి నష్టము వసూలు చేయుటకు శిక్షా నియమములలో వీలున్నది. కొలత కర్ర ఇయ్యక, రూటు కాగితము ఇయ్యక, సమయము ఇయ్యక పంపి, పిమ్మట గర్డరు ఖరీదును డ్రైవరు జీతములో వెదకుట న్యాయము కాదు. అట్టి విచారణలో మన ప్రతినిధి అడుగవలసిన మొదటి ప్రశ్న: "బండి కదలుటకు ముందు ఎత్తును కొలిచినవారెవరు? దారిని సరిచూచి సంతకము చేసినవారెవరు?"

ఐనను ప్రమాదము జరుగవచ్చును. అప్పుడు ఏమి చేయవలెనో ప్రతి డ్రైవరుకు కంఠతా వచ్చియుండవలెను. వంతెనను ఢీకొన్నచో బండిని వెనుకకు లాగి వెళ్ళిపోరాదు. గర్డరు కొన్ని అంగుళములు జరిగినను పైనున్న పట్టాలు జరుగును. తరువాతి రైలు వచ్చులోపల స్టేషను మాస్టరుకో, గేట్‌మన్‌కో వార్త అందవలెను. వంతెనను పరీక్షించిన పిమ్మటనే రైళ్ళు నడువవలెను. ఏటా వెయ్యికి మించి రైలు వంతెనలు ఢీకొనబడు బ్రిటనులో, అట్టి వంతెనలపై గుర్తు సంఖ్య, ఫోను సంఖ్య వ్రాసిన పలకలు బిగించినారు. దారిన పోవువాడెవడైనను వెంటనే తెలుపగలడు. అక్కడ లైసెన్సు అధికారులు రవాణా యజమానిని కూడ సంజాయిషీ అడుగుదురు. మన వంతెనలకును సంఖ్యలు ఉన్నవి. వాటి ప్రక్కన ఒక ఫోను సంఖ్య వ్రాయుటకు ఖర్చు రంగు డబ్బాయే.

బండి విద్యుత్తు తీగకు తగిలినచో, మంటలు లేనంతవరకు డ్రైవరు బండిలోనే ఉండవలెను. దిగక తప్పనిచో బండిని, నేలను ఏకకాలమున తాకక, రెండు పాదములు చేర్చి దూకి, చిన్న చిన్న అడుగులతో దూరము పోవలెను. విద్యుత్తు ఆగినట్లు కనబడినను నమ్మరాదు, మరల రావచ్చును. రైల్వేవారు నిలిపివేసితిమని ధ్రువపరచువరకు ఎవరును దగ్గరకు పోరాదు.

మిత్రులారా, మన కోరికలు ఐదు. సరుకెక్కించు ప్రతిచోట కొలత కర్ర ఉండవలెను. ప్రతి బండిలో డ్రైవరు కన్నులకెదురుగా ఆనాటి ఎత్తు వ్రాసియుండవలెను. ఎత్తు సరిచూచి, పంపిన అధికారి సంతకము చేసిన రూటు కాగితము ఉండవలెను. చుట్టుదారికి తగిన సమయము ఉండవలెను. సందేహము కలిగి బండి ఆపిన డ్రైవరుకు ఆలస్యము పేర శిక్ష ఉండరాదు. ఈ ఐదింటిలో మొదటి రెండు రేపు ఉదయమే ప్రారంభింపదగినవి. మిగిలిన మూడింటిని మీ మీ శాఖల సమావేశములలో తీర్మానములుగా ఆమోదించి, భద్రతా సంఘముల ముందుంచవలెనని కోరుచున్నాను. పట్టాలపై కదలు సరుకునకు మనమిచ్చు జాగ్రత్త, రోడ్డుపై కదలు మనుష్యునకు కూడ దక్కవలెను.